తెడ్డు ఆనిన చోట

క్లాక్స్‌విక్ రేవులో, ఒకప్పుడు చేపలు ఎండబెట్టిన కొట్టంలో
ఇద్దరం కలిసి ఒక పడవ కడుతున్నాం,
కర్ర లేకుండా, మేకు లేకుండా.
హీటర్ మీద బారుర్ సాక్సులు ఆరుతున్నాయి.
గోడలకి ఇంకా ఉప్పు వాసన.

మొదట్లో నేను పడవని తోయలేదు.
ఎత్తి పెట్టాను.
ఇక్కడున్నదాన్ని అక్కడుండమన్నాను, ఉంది.
ఇంకొంచెం అవతల అన్నాను, ఉంది.
ఎంత చెప్పినమాట వినే పడవో!
రాయి అడ్డొస్తే రాయిలోంచే వెళ్ళిపోయింది.
దానిదేం తప్పు, రాయంటే ఏమిటో నేను చెప్తేగా.

హానుస్ వచ్చి చూశాడు.
నలభై ఏళ్ళు తెడ్డు పట్టినవాడు;
కుడిచేతిని రెండేళ్ళ కిందట పక్షవాతం పట్టుకుపోయింది.
"ఇది పడవ కాదు," అన్నాడు,
"బల్ల మీద జరిపే అగ్గిపెట్టె."

ఆ రాత్రి స్థానాలన్నీ చెరిపేశాను.
పడవకి నూట పది కిలోలు, మనిషికి ఎనభై.
నీటికి పట్టు ఇచ్చాను,
వేగం పెరిగేకొద్దీ గట్టిగా వెనక్కి లాగే పట్టు.
ఇక ఎక్కడుండాలో చెప్పే హక్కు నాకు లేదు.
ఇంత బలం, ఇటు వైపు,
అంతవరకే నా మాట.

ఆ బలాన్ని ఫ్రేముకోసారి వేశాను, బుద్ధి లేక.
నా మెషీన్‌లో పడవ వెర్రెత్తినట్టు అఖాతం దాటేసింది.
బారుర్ పాత ల్యాప్‌టాప్‌లో
అదే పడవ జ్వరమొచ్చినట్టు మూలుగుతూ కదిలింది.
ఒకే చెయ్యి, ఒకే సముద్రం, రెండు గడియారాలు.
సెకనుకి యాభై అడుగులు, ఒకటి ఎక్కువ కాదు తక్కువ కాదు
అని లెక్కకి తాళం నేర్పేసరికి తెల్లారింది.
డిసెంబరులో ఇక్కడ తెల్లారడమంటే, దాదాపు పదింటికి.

ఇంకో తప్పు కాఫీ తాగుతుంటే దొరికింది.
బలమంతా పడవ నడుముకే తగులుతోంది.
నడిమధ్య తోస్తే ఏదైనా బుద్ధిగా ముందుకే పోతుంది,
తెడ్డు నడిమధ్య ఉండదు కదా!
అంచుకి జరిపాను.
పడవ మొట్టమొదటిసారి తల తిప్పింది.

హానుస్ మళ్ళీ కూర్చున్నాడు.
ఎడమ మీట ఎడమ తెడ్డు, కుడి మీట కుడి తెడ్డు.
కుడి మీట మీద చెయ్యి ఉంది. ఉందంతే.
పడవ తిరిగింది, చెయ్యి ఆడని వైపుకే,
గానుగెద్దులా, మళ్ళీ, మళ్ళీ.
బారుర్ నా చెవిలో అన్నాడు:
"తిరుగుడుని సున్నా చేసెయ్. ఒక్క లైను."
ఒక్క లైనే. వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి కూడా.

"ముట్టుకోకు, సున్‌వర్."
ముసలాయన తెర మీంచి చూపు తిప్పలేదు.
"పోయిన వేసవి నా పడవ ఇలాగే తిరిగింది,
ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుంటే.
ఇది అబద్ధం చెప్పడం లేదు."

అప్పుడు చూశాను, తెరని కాదు, కుర్చీని.
ఆయన ఎడమకి జరుగుతున్నాడు.
వేలెడు. ఇంకో వేలెడు.
సగం మనిషి గాల్లోకి వచ్చేదాకా.
పనిచేసే తెడ్డు దగ్గరికి
తన బరువుని తనే మోసుకెళ్తున్నాడు, తనకి తెలియకుండానే.
పడవకి ఆయన ఎనభై కిలోలూ తెలుసు.
ఆయన ఎక్కడ కూర్చున్నాడో తెలియదు.

గరిమనాభి అంటారు దాన్ని, బరువుకి బొడ్డు.
దానికో మీట ఇచ్చాను, ఎడమకి జానెడు జరగనిచ్చాను.
బలం అదే, చెయ్యి అదే,
రెంటి నడుమ ఎడం మాత్రం తగ్గింది.

వలయం కాస్త విప్పుకుంది.
పడవ తిన్నగా పోలేదు, వంకరగానే పోయింది.
ఏటవాలుగా, నల్లరాయి దాకా,
రాయిని బరబరా గీరుకుని
ఈసారి ఆగింది.

హానుస్ కుర్చీ చివరే ఉన్నాడు ఇంకా.
మెచ్చుకోలేదు. ముక్కు తుడుచుకున్నాడు.
"సరే," అన్నాడు, "గాలి ఎప్పుడు పెడతావు?"