శివారు లైను

కొత్త పెట్టె దిగిన రోజు రాజోలు ఎక్స్చేంజిలో
పాత రిలేలు ఇంకా టకటకలాడుతున్నాయి,
రేకు కప్పు మీద వడగళ్లు పడ్డట్టు.
ఆ చప్పుడు బట్టే చెప్పేవారు మెకానిక్కు కాశింగారు:
"ఇది బియ్యం మిల్లు. ఇది పెళ్లివారు.
ఇది, పాపం, అప్పు అడుగుతున్నాయన."
కొత్తది మాట్లాడదు.
ఆకుపచ్చ దీపం ఒకటి, అంతే.
ఆయన దానికి చెవి ఆనించి
"బతికే ఉందాండీ?" అన్నారు.

ఉంది. లోపల నేను రాసింది తిరుగుతోంది.
పది మిల్లీసెకన్లకోసారి
నూట ఇరవై ఎనిమిది గడపలూ తొక్కి
ఎవరైనా రిసీవరు ఎత్తారేమో చూసి
మళ్లీ మొదటి గడపకి.
పదకొండో మిల్లీసెకనులో వచ్చిన సరైన జవాబు
తప్పు జవాబే.

ఈ సంగతి లస్కరు యేసోబుకి
చదవకుండానే తెలుసు.
లాకు గోడ మీద కూర్చుని, పడవ వచ్చేలోపు
సగం బీడీ కాల్చి చెప్పాడు:
"తలుపెత్తడం ఎవడన్నా ఎత్తుతాడండి.
ఏళకి దింపడవే ఉజ్జోగం.
పైవోడికి ఓ గంట ఎక్కువొదిలితే
శివారోడి ఆకుమడి ఎండిపోద్ది."
తలుపు, వంతు అని రాసుకున్నాను.
మూడో మాట రాసుకోలేదు.

తుఫాను రాత్రి
రేడియో లైను కూడా మా గదిలోంచే పోయేది.
నడుస్తున్న పాట కోసి హెచ్చరిక అతకాలి.
ఆ అతుకు నాది. నలభై మిల్లీసెకన్లు.
పల్లవి సగంలో ఆడగొంతు ఆగి
మగగొంతు "సముద్రం అల్లకల్లోలంగా" అందుకుంటే
కుట్టు కనపడలేదు.
అంత రాత్రి, అంత గాలిలో కూడా,
చెప్పుకోకూడదు గానీ, పొంగిపోయాను.
రేవు దగ్గర టీకొట్టులో
ఒక్కరూ తలెత్తలేదని తర్వాత తెలిసింది.
"కాసింత ఆగుంటే, పాటేమైందని చూసేవోళ్లండి"
అన్నారు కాశింగారు, నా వైపు చూడకుండా.

ఊరు దాటే దారులు ఎనిమిది.
గాలి అయిదు తెంపింది.
మిగిలిన మూడింటికీ నా నియమం ఉంది:
ముందు తాసీల్దారు, తర్వాత ఆసుపత్రి, కరెంటాఫీసు,
ఖాళీ ఉంటే తక్కినవాళ్లు.
ఖాళీ లేదు.
నియమం పొల్లుపోకుండా నడిచింది.

నాలుగో రోజు, మడమలు మునిగే బురదలో నిలబడి
పెట్టె గుర్తుంచుకున్నదంతా కాగితం మీదికి తీశాను.
తొంభై ఏడో లైను. అంతర్వేదికర, చేపల సంఘం.
రాత్రి తొమ్మిదీ నాలుగు: ఎత్తారు,
గోదారి అవతల నరసాపురం నంబరు, దారి లేదు.
తొమ్మిదీ ఆరు, దారి లేదు.
తొమ్మిదీ ఏడు.
అలా పదకొండు సార్లు.
పన్నెండోసారి ఎత్తారు.
అంకె తిప్పలేదు.
నలభై సెకన్లు ఊరికే పట్టుకుని, పెట్టేశారు.

తీగ సరిచూడ్డానికి నేనే వెళ్లాను.
సంఘం గది తుడుస్తోంది నూకరత్నం.
గోడ మీద నీటి గీత ఆమె భుజం దాకా ఉంది.
"లైను బాగైందండి" అన్నాను.
"ఆ రాత్రీ బానే ఉందండి.
కూత ఇనపడతానే ఉంది.
అవతల ఎవరో మేలుకున్నారనిపించింది."
నరసాపురంలో ఎవరని
నేనడగలేదు. ఆమె చెప్పలేదు.
గుడ్డ పిండిన నీళ్లు గుమ్మంలోంచి
కాలవ వైపే పోయాయి.

ఆ వారం రెండు చోట్ల దిద్దాను.
మూడు దారులే మిగిలితే మూడోది
అందరికంటే ఎక్కువసార్లు అడిగినవాళ్లది.
పాటకీ హెచ్చరికకీ మధ్య
ఒక పూర్తి సెకను, ఖాళీ.

నెలకి పైనుంచి ఉత్తరం వచ్చింది:
ప్రసారపు అతుకులో లోపం గమనించడమైనది,
వెంటనే సరిచేయవలెను.
కాశింగారు చదివి, మడిచి
ఊగుతున్న బల్లకాలు కింద పెట్టారు.