తొంభైలో ఒకటి

న్యూలిన్ రేవులో ఐసు మిల్లు ఆగిన మధ్యాహ్నం
జోరీ నా స్కాన్ కాగితాన్ని చేపల బల్ల మీద పరిచాడు,
గాలికి ఎగరకుండా పీత డొప్పలు బరువు పెట్టి.
పన్నెండు వారాలు.
ఆరు సెంటీమీటర్ల మనిషి.

గుండె నిమిషానికి నూట అరవై రెండు.
"ఆ పరుగు ఆడపిల్లదే" అన్నాడు డెంజిల్, పార ఆనించి.
తొడల మధ్య చిన్న మొటిమ
పడవ ముక్కులా పైకి లేచిందని
"మగాడే!" అని పాట కొట్టేశాడు వేలం పాడే పాస్కో.
రక్తంలో ఆ హార్మోను రెండింతలుంటే అమ్మాయేనని
ఎవరి వదినో ఎవరికో చెప్పిందట.

కాకిలెక్కలు.
కాదు, మా రేవులో అవి గల్ పక్షుల లెక్కలు:
అరుపు ఎక్కువ, చేప తక్కువ.

కిటికీ గట్టు మీద రెండు జాడీలు వెలిశాయి.
ఒకదానికి ఊదా రిబ్బను.
రెండోదానికి రిబ్బను దొరకలేదు.
గంటలో పద్నాలుగు పౌండ్లు, ఒక చొక్కా గుండీ.

నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా.

కాగితం అడుగున, నా చేతిరాతలో
ఇంకో వరుస ఉంది.
పొద్దున ట్రురో నుంచి నర్సు ఫోన్లో చెబుతుంటే
వంటగదిలో నిలబడి రాసుకున్నది:
తొంభైలో ఒకటి.
ఈ పరీక్ష అడిగిన అసలు ప్రశ్న అదే,
ఆడా మగా కాదు.
ఆమె ఎంత మెల్లగా చెప్పిందంటే
చివరికి నేనే ఆమెను ఓదార్చాను.
మళ్ళీ రక్తం ఇవ్వాలి. మళ్ళీ ఆగాలి.

జోరీకి తెలుసు.
అందుకే నాలుగో డొప్ప మూలన కాదు,
సరిగ్గా ఆ వరుస మీద పెట్టాడు.

సార్డీన్లు పెట్టెకెత్తుతూ తొంభై దాకా లెక్కపెట్టాను.
అన్నీ ఒకేలా మెరిశాయి.
ఏది ఆ ఒకటో
నాకు తెలియలేదు.

పిల్లి కోసం చేప తలలు అడగడానికొచ్చిన
జోరీ అవ్వ లవ్‌డే
డొప్ప ఎత్తి చూసింది, కళ్ళజోడు లేకుండానే.
చూసి, ఎక్కడిది అక్కడే
ఇంకొంచెం సరిగ్గా పెట్టింది.
సంచిలోంచి ఒక నాణెం తీసి
ఈ జాడీ వైపు, ఆ జాడీ వైపు చూసి
నా ఏప్రన్ జేబులో వేసింది.
"వచ్చేవాళ్ళకి" అంది.
వాడికి అనలేదు. దానికి అనలేదు.

"ఎవరి మీద కాశావు, అవ్వా?" అని అరిచాడు డెంజిల్.
అప్పుడే ఐసు మిల్లు మళ్ళీ మొదలైంది.
ఆమె ఏదో అన్నట్టే ఉంది,
పెదాలు కదిలాయి.