ఆరి ఉండాల్సిన దీపం

అతార్‌లో జూన్ అంటే
రెంచీని గుడ్డ చుట్టి పట్టుకునే నెల.
సల్కా బండి ఆపింది, ఇంజిన్ ఆపలేదు.
"మళ్ళీ ఆ ఎర్ర దీపం" అంది.
పాత ప్యూజో ఐదువందల నాలుగు, వెనక పుదీనా మోపులు,
తడి గోనె కింద కూడా తలలు వాల్చేసిన ఆకులు.
చూమ్‌లో ఇనుప ఖనిజం రైలు కదిలేలోగా
వాటిని అమ్ముకోవాలి ఆమె.

కొలత కడ్డీ లాగాను.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
పాకం చూసినట్టు సాగదీసి చూశాను.
తీగ రాలేదు.
నీళ్ళు. నల్లగా, మాడు వాసన కొట్టే నీళ్ళు.

"ఎవరు పోశారిది?"
"నువాదిబూలో మా అక్క కొడుకు.
కొత్త కార్లన్నీ ఇదే తాగుతాయట, ఖరీదెక్కువట."
ఐదు డబ్ల్యూ ముప్పై.
తెలుసు నాకా డబ్బా. బంగారు రంగు మూత.

ఎంత బాగా తెలుసంటే,
నిరుడు ఇదే నెలలో, గురువు నమాజుకు వెళ్ళినప్పుడు
షేఖ్నా టాక్సీలో అదే పోశాను నేను.
డబ్బా అందంగా ఉందని.
ఇంకో కారణం ఉంటే చెప్పేవాణ్ణే.

తప్పు నూనెది కాదు.
మంచులో లేచే ఇంజిన్లకి
పరుగున వెళ్ళి గొంతు తడిపే చురుకైన పిల్ల అది.
ముప్పై ఏళ్ళు అరిగి వదులైన బేరింగుల సందుల్లో
ఈ ఎండకి కాళ్ళు నిలవక జారిపోయింది.
అరవై కిలోమీటర్ల అవతల టకటకా టకటకా,
ఆ తర్వాత ఏమీ లేదు.
పదకొండు మంది ఇసకలో పడుకున్నారు ఆ రాత్రి.
ఎవరో ముసలాయన తన వంతు నీళ్ళు మేకపిల్లకి పట్టాడట.

యహ్దీహ్ నన్ను తిట్టలేదు.
ఇంజిన్ విప్పి, పైపూత పోయి రాగి తేలిన బేరింగు చిప్పని
తీగ కట్టి నూనె డబ్బాల అరకి వేలాడదీశాడు.
గాలొస్తే అది డబ్బాలకి కొట్టుకుంటుంది.
ఇప్పటికీ మేమిద్దరం దాని మాటెత్తం.

"అయితే అన్నిటికన్నా చిక్కనిది పొయ్యి,
అంబలిలా ఉన్నా సరే" అంది సల్కా.

వద్దు. జనవరి తెల్లవారుజామున
నువ్వు కంబళి కప్పుకుని తాళం తిప్పేటప్పుడు
ఆ అంబలి అడుగునే గడ్డకట్టి కూచుంటుంది,
పైన రాకర్లు ఎండు నోటితో కొట్టుకుంటాయి.
ఎండలకి ఇరవై డబ్ల్యూ యాభై.
చలికాలం రా, పదిహేను నలభై పోస్తాను.
ఇంజిన్ ముసలిదైతే మోకాళ్ళు చూసి మెట్లు కట్టాలి.
ఇంకోటి: ఏ డబ్బా అన్నది సగం మాటే,
రోజూ పొద్దున కడ్డీ చూడటం తక్కిన సగం.
నీ బండి తాగుతుంది. పొగ నీలంగా ఉంది, చూడు.

ఈ మాటలన్నీ యహ్దీహ్‌వి.
నా నోట్లోంచి వస్తుంటే
ఆయన చాప మీద పడుకుని, కళ్ళు మూసుకుని
నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

పాతది వేడిగా కారింది, రేకు డబ్బాలోకి.
కొత్తది నెమ్మదిగా దిగింది,
తొందరేమిటన్నట్టు, మడతలు మడతలుగా.
రెండు వందల ఊగియాలు తక్కువయ్యాయి ఆమె దగ్గర.
ఒక పుదీనా కట్ట విసిరింది.

తాళం తిప్పింది. దీపం వచ్చింది.
పెళ్ళికీ పండగకీ
దీపం వెలగాలని మొక్కుతారు లోకంలో జనం.
మేమిద్దరం తలలు వంచి
అది ఆరాలని చూశాం.

మూడు లెక్కపెట్టేలోగా ఆరింది.
కాసేపు రేస్ చేసి, వదిలేసి, మళ్ళీ చూశాం.
అయినా నాకు నమ్మకం చాల్లేదు.
చూమ్ చేరాక ఫోన్ చెయ్యమన్నాను.

నూనె చేతులతో ముట్టుకోలేక
పుదీనా కట్టని మోచేత్తో అర మీదికి తోశాను.
ఆ చిప్ప ఒకసారి కదిలింది.
చాప మీంచి యహ్దీహ్ అన్నాడు:
"టీ పెట్టు."