చెరిపే ముందు

అల్ ఐన్‌లో రాత్రి పది. బయట ముప్పై తొమ్మిది.
లోపల నేను, స్వెటర్ మీద స్వెటర్.
కోచ్ హెస్సా ట్యాబ్‌లో పులిజూదం గీస్తోంది:
చుక్కల గీత పాసు, మెలికల గీత పక్‌తో పరుగు.
ప్లే నొక్కితే గుండ్రాలన్నీ బుద్ధిగా జారతాయి.
ఒక్కటీ పడదు.

మంచు మీద మైథా పడింది.
లేచి, లేసు బిగించుకుని,
బాణం గుర్తును గాలికొదిలేసి
గోలు వెనక నుంచి చుట్టొచ్చి కొట్టింది.

బండి స్టార్ట్ చేశాను. గీతలు చెరపడమే నా నౌకరి.
"సత్తయ్యా, ఆగు."
హెస్సా మోకాళ్ళ మీద కూలబడి
బ్లేడు కోసిన గాటు వెంట ఒక వేలు పోనిచ్చింది,
ఇంకో వేలితో తెర మీద అదే వంపు.

డ్రిల్‌కి పేరు కావాలట.
"లేసు" అన్నాను.
రాసుకుంది,
కుడి నుంచి ఎడమకి.