మిగులు

నన్ను దాత అనకండి.
బెల్‌మలెట్ పారిష్ హాల్లో, మడత మంచం మీద,
మూడు నెలలకోసారి పడుకుంటాను.
బింగో బల్లలు గోడకి చేరవేసి ఉంటాయి.
కిటికీ అద్దానికి అట్లాంటిక్ ఉప్పు పేరుకుని ఉంటుంది.
నర్సు డెర్వ్లా మోచేతి మడత తట్టి
"మంచి నరం" అంటుంది,
సంతలో పాడావును మెచ్చుకున్నట్టు.

నా ఒంట్లో ఇనుము ఎక్కువ.
తిన్న ప్రతి ముద్దలోంచీ ఏరుకుని దాచుకుంటుందట ఒళ్ళు,
కరువు చూసిన ముసలమ్మలా.
ఎప్పటి ఆకలి నేర్పిన అలవాటో ఇది,
బంగాళదుంపలు మట్టిలోనే నల్లగా కుళ్ళిన ఏళ్ళదో
అంతకు ముందుదో, ఎవరికి తెలుసు.
తియ్యకపోతే కాలేయం తుప్పు పడుతుంది.
తీసినదాన్ని పారబొయ్యాలి,
లేదా ఎవరికైనా ఎక్కించాలి.
అంతే. ఇందులో నా గొప్పేముంది?
పడవలోకి చేరిన నీళ్ళు తోడిపోసేవాణ్ణి చూసి
సముద్రానికి దానం చేస్తున్నాడంటారా ఎవరైనా?

మా నాన్న ఫెస్టీ కమ్మరి.
జనవరిలో కూడా ఒళ్ళు ఇత్తడి రంగులో ఉండేది.
"స్పెయిన్ వెళ్ళొచ్చావా ఫెస్టీ?" అని పబ్బులో నవ్వేవారు.
స్పెయిన్ సంగతి సరే, గాల్వే దాటలేదు ఆయన.
గుర్రాలకి అప్పుమీద నాడాలు కొట్టి
అప్పు మరిచిపోయేవాడు.
ఎముక లేని చెయ్యి అనేవారు.
ఎముకలు లేకేం,
రాత్రుళ్ళు పిడికిలి ముడవలేక
వేడినీళ్ళ గిన్నెలో వేళ్ళు ముంచి కూచునేవాడు.
యాభై నాలుగేళ్ళకి పోయాడు.
తాగుడు, అంది ఊరు.
శవపేటిక పక్కన కూడా అంది, శాండ్‌విచ్‌లు నములుతూ.
ఎప్పటికప్పుడు సీసాడు నెత్తురు తీసి ఉంటే బతికేవాడని
ముప్ఫై ఏళ్ళ తర్వాత, నా రిపోర్టు చూస్తూ,
డాక్టరు చాలా మామూలుగా చెప్పాడు,
గొడుగు మరిచిపోయారు అన్నట్టు.

అక్క అట్రాక్టా లోపలికి రాదు.
బయట కార్లో, ఇంజిను ఆపకుండా కూచుంటుంది.
తొలికాన్పు అయ్యాక తనకి పొడిచిన సూదిలో
ఎవరిదో కాలేయం జబ్బు ఉంది.
ఎవరో మంచి మనసుతో ఇచ్చినదే.
పదహారేళ్ళు ఆ అలసటని మొగుడు బద్ధకం అన్నాడు,
డాక్టరు నరాల నీరసం అన్నాడు,
ఫాదరు ప్రార్థించమన్నాడు.
తర్వాత ఒక ఉత్తరం వచ్చింది, టైపు చేసినది,
తన పేరులో ఒక అక్షరం తప్పుతో.
"వాళ్ళ చేతికి నీ చెయ్యి ఎలా ఇస్తావే?"
అంది, నేను మొదటిసారి వెళ్ళినరోజు.
అప్పుడు జవాబు లేదు. ఇప్పటికీ లేదు.
తన కోపం కూడా నాకు రక్తసంబంధమే.

సంచి ఊగుతూ నిండుతుంటే
నేననుకునేది పుణ్యం గురించి కాదు.
ఇది నాన్నలోంచి తియ్యాల్సింది, అనుకుంటాను.
ఒక్కో సంచీ వెనక్కి లెక్కపెడతాను:
ఇది ఆయన నలభయ్యో ఏటిది,
ఇది యాభయ్యోది,
ఇది తీసి ఉంటే ఆ ఈస్టరుకి లేచి నడిచేవాడు.
ఎప్పుడూ మధ్యలోనే లెక్క తప్పుతాను.

కిందటి నెల ఫోనుకి మెసేజి వచ్చింది:
మీ రక్తం ఈరోజు కాసిల్‌బార్ ఆసుపత్రిలో వాడారు.
ఎవరికో రాయలేదు. రాయరు.
పొయ్యి దగ్గర నిలబడి రెండుసార్లు చదివాను.
దుంపలు మాడాయి.
అక్కకి చూపించలేదు.

ఇవాళ టీ ఇచ్చారు, రెండు బిస్కెట్లు.
ఒకటి తిని, ఒకటి రుమాల్లో చుట్టి కార్లోకి తెచ్చాను.
వాన మొదలైంది.
అక్క గేరు మార్చబోయి ఆగి
నా మోచేతి మీద దూది చూసింది.
"నొక్కి పట్టుకో" అంది. "నీకెప్పుడూ సరిగ్గా నొక్కడం రాదు."
తన బొటనవేలితో తనే నొక్కింది,
వైపర్లు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగాయో.
బిస్కెట్టు తీసుకుంది.
తినలేదు. కోటు జేబులో వేసుకుంది.