మూడు వేళ్ల మడత

కాలవలకి నీళ్లొదిలిన వారమే
మా వైపు బళ్లు తెరుస్తారు.
ఆ నీళ్లు చేలోకి పారతాయి,
మా కొంగుముడి కాన్వెంటు వైపు పారుతుంది.

వాళ్లు చెప్పిన కొట్లోనే కొనాలట.
తలుపు తీస్తే చల్లగాలి.
ఆ గాలి ఖరీదూ చొక్కాలోనే కలిపి ఉంటారు.
రెండు జతలు, ఒక టై, బెల్టు:
పద్ధెనిమిది వందలు ఒక్కొక్కరికి.
నాకు ముగ్గురు.

రొయ్యల షెడ్డులో తలలు తీసేదాన్ని.
ఐసుకి మొద్దుబారిన వేళ్ల మీద
లెక్క నిలవదు.
ఎన్ని కిలోలు వొలిస్తే ఒక టై అవుతుందో
అడుగుదామనుకుని
అడగలేదు కొట్టువాణ్ణి.

ఆదివారం ఆరాధన అయ్యాక
చెప్పులేసుకుంటూనే మాటాడుకున్నాం
నేనూ, మార్తమ్మా, వజ్రమ్మా,
ఏసోబు పెళ్లామూ.
తలా కాస్తా వేసి తాను మొత్తం తెచ్చుకుంటే?

నర్సాపురం వెళ్లాం.
మూడు కొట్లు తిరిగి, నాలుగో కొట్లో
ఎండలోకి పట్టుకెళ్లి చూసి,
తడిపి చూసి, నలిపి చూసి,
వజ్రమ్మ అయితే పంటితో పోగు లాగి మరీ చూసి
బేరం తెగ్గొట్టాం.

వచ్చేటప్పుడు పంటు మీద
"దీనికీ టికెట్టా బాబూ?" అంటే
"ఒళ్లో పెట్టుకుంటే చంటిపిల్లే లెండి" అన్నాడు కుర్రాడు.
అలా ఒక నీలం చంటిపిల్లని
ఒడి మార్చుకుంటూ, ఒడి మార్చుకుంటూ
వశిష్ఠ దాటించాం నలుగురం.

మీరా సాయిబు సుద్దముక్క పట్టుకుని అడిగాడు:
"కింద ఎంత వదలమంటావమ్మా?"
మూడు వేళ్లు చూపించాను.
కళ్లజోడు పైనించి నన్ను చూసి
ఇంకో వేలు తనే కలిపాడు.

పెద్దదానికి కుట్టించలేదు.
ఆనకట్ట దగ్గర వరద కొలిచే అంకెలుంటాయి చూడండి,
మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక,
మా దీవెన స్కర్టు మీదా ఉన్నాయి.
ఆరులో ఒక గీత, ఏడులో ఒక గీత.
మడత విప్పిన చోటల్లా
ఎండ మొహం చూడని నీలం
అంచు చుట్టూ తిరుగుతుంది.
దాని మీద చిన్న లేసు వేద్దామా అంటే
యూనిఫారానికి లేసు కూడదట.
మా అమ్మ అల్లిన లేసు ఓడలెక్కిపోయింది గాని
మనవరాలి మోకాలి దాకా రాలేకపోయింది.
ఎనిమిదికి విప్పడానికి ఇంకేమీ లేదు,
అది మాత్రం పెరుగుతూనే ఉంది.

రెండో వారం సంసోను నవ్వుకుంటూ వచ్చాడు.
"నీ నీలం వేరు, లెగు" అందట టీచరు.
లేచాడు.
వెనక బెంచీలో మార్తమ్మ కొడుకుని లెమ్మంది.
ఆ పక్కన వజ్రమ్మ మనవణ్ణి.
కిటికీ దగ్గర ఇద్దర్ని.
తొమ్మిది మంది లేచాక
బోర్డు వైపు తిరిగి
"సర్లే, కూచోండి" అందట.
వాడికి నవ్వే.
నేనా రాత్రి ఆ చొక్కా ఉతుకుతూ
దీపం దగ్గర పట్టుకుని చూశాను.
వేరే.
కొంచెం వేరే.

మిగిలింది రెండు వేల మూడొందలు.
బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను
నాకే దొరక్కుండా.
అది నాలుగు రోజులుంది.

ఎందుకంటే యోనా బూట్లు.
పాతవి బొటనవేలు దగ్గర నోరు తెరిచాయి.
సాయిబూ, నీ సుద్దముక్క ఇక్కడ పని చెయ్యదు,
బూటుకి మడత ఎక్కడ వదుల్తాం?

రెండు సైజులు పెద్దవి కొన్నాను.
ముందు భాగంలో పేపరు కుక్కాను గట్టిగా.
వాడు నడుస్తుంటే గరగరమని చప్పుడు.
రెండు నెలలకో పేజీ
తీసేస్తున్నాను.