అడుగు మన్ను

వానాకాలం పంటకు నీళ్లు బందు పెట్టిన మూడో రోజు
కాల్వల మోకాలి లోతే మిగిలింది.
లష్కర్ కొమ్మాలు గట్టు మీద కూసోని
"ఈడ గుంజు మేడం, ఈడ మెత్తగుంటది" అన్నడు.
ప్లాస్టిక్ గొట్టం నిలువునా దించి
అరచేత్తో మూతి మూసి
మెల్లగ పైకి లాగిన.
అడుగు పొడుగు, అడుగు మన్ను.

పైన మూడు వేళ్ల మందం నలుపు,
మురిగిన కోడిగుడ్డు వాసన.
దాని కింద బూడిద రంగు.
ఇంకా కింద ఎర్ర ఇసుక.
"మా నాయిన తట్ట మోసిన యేడుది అది"
అన్నడు కొమ్మాలు, వేలు పెట్టి చూపిస్త.

తూముకు పైన ఒకటి, కింద ఒకటి,
మక్కచేన్ల మురుగు కలిసే కాడ ఒకటి,
వరిమడి గండి పడ్డ కాడ ఒకటి.
సంచుల మీద నంబర్లు ఏస్తుంటే
గొట్టం తీసిన గుంతల నుంచి
బుడగ లేచింది. ఆగి, ఇంకోటి.
"చేపనా?"
కాదు, యూరియా.
నవ్విండు. నమ్మలే.

నమ్మకపోవుడే న్యాయం.
సంచిల తెల్లగ సగ్గుబియ్యం లెక్క జారేదానికి
ఈ నల్లటి బురదతో ఏం చుట్టరికం?
చల్లిన పిడికిట్ల పైరు తిన్నది సగం లేదు.
కొంత గాలికి పోయింది,
కొంత మడి దాటి, ఒడ్డు తెంపి, పిల్లకాల్వ పట్టుకొని
ఈడికి వచ్చి నాచుకు మేతయింది.
నాచు సచ్చి అడుగున పడితే
దాని మీద ఇంకో కారు నాచు.
కండ్లకు ఆనని పురుగులు
చీకట్ల కూసోని ఆ ముడి విప్పి విప్పి
కొంచెం కొంచెం గాలికి అప్పజెప్తయి.
ఆ బుడగ అదే.

ల్యాబుల
చిటికెడు మన్నును ఆమ్లంల మూడు గంటలు ఉడకబెట్టిన.
ఆవిరి గొట్టం కొసన
కుంకుమ నీళ్ల రంగు ద్రావణం
చుక్కచుక్కకు ఆగమై
పచ్చబడ్డది.
నారుమడి పచ్చ.
ఎవల కడుపూ నింపని పచ్చ.
దాన్ని మళ్ల ఎరుపుకు తేనీకి
ఎన్ని చుక్కలు పట్టినయో రాసుకునుడే నా నౌకరి.
నాలుగో నంబరుకు
బ్యూరెట్ రెండోసారి నింపాల్సొచ్చింది.

నాలుగో నంబరు ఎక్కడిదో
మ్యాపుల చూడనక్కర లేదు.
ఆ మడి మాదే.

మా నాయిన చేరాలు,
ఆగస్టుల సొసైటీ గోదాం ముంగట
కోడికూతకు ముందే పోయి
చెప్పులు విడిచి లైన్ల పెట్టిండు.
చెప్పుల ఎనక చెప్పులు,
నడుమ ఒక పాసుబుక్కు, దాని మీద కంకర్రాయి,
ఎవరిదో నీలం స్లిప్పరు ఒంటిది.
మనుషులు నీడకు, చెప్పులు ఎండకు.
పగటీలికి రెండు సంచులు దొరికినయి.
మళ్ల దొరుకుతయో లేదోనని
మబ్బు దిక్కు చూడకుండ
రెండూ ఆ సాయంత్రమే చల్లిండు.
రాత్రి వాన.
తెల్లారి గండి.
"నీళ్లే గద బిడ్డా పోయినయి" అన్నడు ఫోన్ల.

రిపోర్టుల ఒక వాక్యం ఉంటది:
రైతులు అవసరానికి మించి వాడుతున్నారు.
ఆ వాక్యం కాడ చాయ్ సల్లారేదాక ఆగిన.
పైరు ఒక్కరోజు పసుపు తిరిగితే
రాత్రంతా మంచం మీద మసిలే మనిషికి
ఎక్కడ మించుతదో
ఏ పట్టికల గీత గీసేది?
అట్లని కొట్టెయ్యనూ లేదు.
చివరి ఆయకట్టుల బోరు నీళ్లు
సంటిపిల్లకు పట్టొద్దని నర్సు చెప్పిందట.
కొమ్మాలు మనుమరాలు ఆ పిల్ల.
ఆ వాక్యం అట్లనే ఉంచిన.
దాని కింద చెప్పుల సంగతి రాసిన.
పెద్దసారు ఎర్ర పెన్నుతో చెప్పుల్ని కొట్టేసిండు.

రాత్రి నాయినకు ఫోన్ చేసిన.
ఎండలకు కాల్వ పూడిక తీస్తరట,
రెండు ట్రాక్టర్లు మన మడికి కొట్టిద్దాం,
ఈసారి ఒక్క సంచితోనే చూద్దాం.
"కాల్వ మన్నా? ట్రాక్టరుకు ఎంత అడుగుతరో."
కిరాయి ఇస్తే సాలు నాయినా,
మన్నుకు నువ్వు ఎప్పుడో పైసలు కట్టినవు.
అటు దిక్కు సప్పుడు లేదు.
వాకిట్ల ఎక్కడనో చెప్పులు దేవులాడుకుంటున్నట్టున్నడు.